కయ్యం నుంచి వియ్యానికి

*75 ఏళ్లలో మూడుసార్లు యుద్ధానికి దిగిన ఫ్రాన్స్, జర్మనీ 60 ఏళ్లుగా పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఒకరింట్లో ఒకరు తిని, పడుకుని, చదువుకుని వచ్చినంత మాత్రాన దేశాల పగలు చల్లారతాయా?*

1962 సెప్టెంబరు 9. పశ్చిమ జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్ ఊళ్లో పాతకాలపు రాజమందిరం ముంగిలి కుర్రకారుతో కిక్కిరిసిపోయింది. వాళ్ల ఎదుట నిలబడిన ఆ పొడుగాటి మనిషికి 71 ఏళ్లు. పేరు చార్లెస్ డిగాల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు. 1916లో వెర్డన్ పోరులో గాయపడి జర్మన్లకు పట్టుబడ్డాడు. యుద్ధం ముగిసేదాకా రెండున్నరేళ్లకు పైగా వాళ్ల నిర్బంధంలోనే ఉన్నాడు. ఐదుసార్లు తప్పించుకోవాలని చూసి ఐదుసార్లూ దొరికిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ రేడియో నుంచి జర్మనీ మీద పోరాడమని ఫ్రెంచి ప్రజలకు పిలుపునిచ్చిందీ ఆయనే. అలాంటి మనిషి ఆ రోజు మాట్లాడింది ఫ్రెంచిలో కాదు, జర్మన్‌లో. చేతిలో కాగితం లేదు, ప్రసంగమంతా కంఠతా పట్టి వచ్చాడు. యువకులైనందుకు వాళ్లను మొదట అభినందించాడు, జర్మన్లుగా పుట్టినందుకు ఆ తర్వాత అభినందించాడు. మీరు ఒక గొప్ప జాతి బిడ్డలు, ఆ జాతి తన చరిత్రలో పెద్ద తప్పులు కూడా చేసింది అన్నాడు. యుద్ధం ముగిసి అప్పటికి 17 ఏళ్లే. తండ్రుల పాపం తమ నెత్తిన ఉందన్న మాటే వింటూ పెరిగిన ఆ పిల్లలకు, ఓడిన జాతితో గెలిచిన జాతి నాయకుడు తమ భాషలోనే అలా మాట్లాడటం కొత్త.

ఆ తర్వాత నాలుగు నెలలకు, 1963 జనవరి 22న, డిగాల్, జర్మన్ ఛాన్సలర్ కాన్రాడ్ అడెనార్ పారిస్‌లోని ఎలీజే భవనంలో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. విదేశాంగం, రక్షణలతో పాటు చదువు, యువజనం కూడా అందులో ఒక భాగం. ఆ భాగం నుంచే అదే ఏడాది జూలై 5న ఫ్రాంకో-జర్మన్ యూత్ ఆఫీస్ పుట్టింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా 90 లక్షల మందికి పైగా యువతీ యువకులు దాని కార్యక్రమాల్లో పాలుపంచుకున్నారు.

ఈ కథ ఇప్పుడెందుకు చెప్పుకోవాలంటే, 2025 మే చివర్లో అమెరికా విద్యార్థి వీసాల ఇంటర్వ్యూలకు కొత్త తేదీలివ్వడం కొన్ని వారాల పాటు ఆపేసిన నాటి నుంచి తెలుగు ఇళ్లలో వీసా మాట లేని రోజు లేదు. ఆ ఉత్తర్వు డిగ్రీ చదువుల ఎఫ్-1 వీసాకే కాదు, జె-1కు కూడా వర్తించింది. ఎఫ్-1 సంగతి మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు, జె-1 గురించి తెలిసినవాళ్లు తక్కువ. అది ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల వీసా. వేరే దేశపు విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు కొంతకాలం వచ్చి ఉండి, చూసి, నేర్చుకుని, నేర్పి, తిరిగి తమ దేశానికి వెళ్లాలన్న ఉద్దేశంతో పెట్టింది. మరుసటి నెలలోనే, 1946 నుంచి నడుస్తున్న అమెరికా ప్రభుత్వ ఎక్స్ఛేంజ్ కార్యక్రమం ఫుల్‌బ్రైట్ బోర్డు సభ్యులు దాదాపు అందరూ, ఎంపికల్లో ప్రభుత్వం జోక్యం చేసుకుంటోందంటూ రాజీనామా చేశారు. పరాయి దేశపు పిల్లల రాకపోకలకు ప్రజల సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టాలన్న ప్రశ్న ఇవాళ ఒక్క అమెరికాలోనే వినిపించడం లేదు. దానికి నిజాయితీగా జవాబు వెతకాలంటే ఫ్రాన్స్, జర్మనీల అనుభవాన్ని చూడాలి. గెలుపూ ఓటమీ రెండూ అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

శిబిరాల నుంచి వచ్చినవాళ్లు వేసిన పునాది

సంతకాలు చేసింది ఇద్దరు నాయకులే గానీ పని మొదలుపెట్టింది వాళ్లు కాదు. 1945 ఎండాకాలానికి జర్మనీ శిథిలాల దిబ్బ. దాని పడమటి అంచు ఫ్రెంచి సైన్యం ఆధీనంలో ఉంది. ఆ ప్రాంతంలోని ఓఫెన్‌బర్గ్‌లో జాన్ దు రివో అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు, ఒక దేశం సంగతులు మరో దేశానికి తెలియజెప్పే పత్రికలను రెండు భాషల్లోనూ మొదలుపెట్టాడు. ఆయన అప్పటికి కొద్ది నెలల ముందే నాజీ నిర్బంధ శిబిరం నుంచి బయటపడినవాడు. అదే ఏడాది అక్టోబరులో జోసెఫ్ రోవాన్ పారిస్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. రేపటి జర్మనీ ఎలా ఉంటుందన్నది ఇవాళ మనం దానితో ఎలా నడుచుకుంటామన్న దాని మీదే ఆధారపడి ఉంటుందని దాని సారాంశం. రాసినవాడు మ్యూనిక్‌లో యూదు మూలాలున్న కుటుంబంలో పుట్టి, ఫ్రాన్స్‌కు పారిపోయి, ప్రతిఘటన దళంలో చేరి, దొరికిపోయి, డాహౌ శిబిరంలో చావును కళ్లారా చూసి వచ్చినవాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ గ్రోసెర్‌ది కూడా యూదు కుటుంబమే. 1933లో ఎనిమిదేళ్ల వయసులో తల్లిదండ్రులతో ఫ్రాన్స్ చేరాడు. 1948 నుంచి రెండు దేశాల మధ్య రాకపోకలు నడిపే సంఘానికి ఊపిరై నిలిచాడు. 2024లో 99 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా రెండు దేశాలను దగ్గర చేసే పని మానలేదు.

1950లో ఫ్రాన్స్‌లోని మోంబెలియార్, జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్ జంట ఊళ్లుగా చేయి కలిపాయి. యుద్ధం తర్వాత ఈ రెండు దేశాల మధ్య కుదిరిన మొదటి ఊరి బంధం అదే. మోంబెలియార్ మేయర్ లూసియన్ తారాదాన్ బుహెన్‌వాల్డ్ శిబిరం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. డిగాల్ ప్రసంగానికి లుడ్విగ్స్‌బర్గ్ వేదిక కావడానికి 12 ఏళ్ల ముందు జరిగిన సంగతి ఇది. ఎవరికి పగ పట్టే హక్కు అందరికంటే ఎక్కువ ఉందో, వాళ్లే ముందు చేయి చాచారు. నాయకులు సంతకాలు చేసే నాటికి పొలం దున్ని, విత్తనం కూడా పడి ఉంది. ఈ వరసను మరిచిపోయి, ఒప్పందం వల్లే స్నేహం పుట్టిందనుకునే ప్రభుత్వాలు ఆ తర్వాత చాలా చోట్ల బోల్తా పడ్డాయి.

ఇచ్చి పుచ్చుకునే పద్ధతి

యూత్ ఆఫీస్ నిర్మాణంలో మూడు సంగతులు గమనించాలి. ఖర్చు రెండు ప్రభుత్వాలూ చెరిసగం భరిస్తాయి. నడిపేది ఇటు విదేశాంగ శాఖా కాదు, అటు విదేశాంగ శాఖా కాదు. రెండు దేశాల వాళ్లూ కలిసి కూర్చునే స్వతంత్ర సంస్థ. అన్నిటికంటే ముఖ్యం, అది తానే పిల్లల్ని పోగేసి తిప్పదు. బడులు, ఆటల క్లబ్బులు, సంగీత బృందాలు, జంట ఊళ్ల సంఘాలు, యువజన సంస్థలు తమ పిల్లలతో తాము చేసుకునే కార్యక్రమాలకు సాయం చేస్తుంది, వాటిని నడిపేవాళ్లకు శిక్షణ ఇస్తుంది. అంటే దౌత్యాన్ని రాయబార కార్యాలయం గడప దాటించి, ఊళ్లోని ఫుట్‌బాల్ కోచ్ చేతిలో, భాషా పంతులమ్మ చేతిలో పెట్టింది.

బడి పిల్లల కోసం 2000లో మొదలైన వోల్టేర్ కార్యక్రమాన్నే తీసుకోండి. ఒక ఫ్రెంచి విద్యార్థి, ఒక జర్మన్ విద్యార్థి జతకడతారు. ఆరు నెలలు ఒకరి ఇంట్లో, ఆరు నెలలు మరొకరి ఇంట్లో ఇద్దరూ కలిసి ఉంటారు, ఆ ఊరి బడికే వెళతారు. ఇవాళ అతిథిగా ఉన్న పిల్ల రేపు ఆతిథ్యమిచ్చే పిల్ల అవుతుంది. ఏ తల్లి వండి పెడుతోందో ఆమె కూతురు కూడా మరో ఇంట్లో మరో తల్లి చేతి వంట తింటుంది. తెలుగువాళ్లకు ఈ పద్ధతిని వివరించడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మన కుండమార్పిడి సంబంధాల లెక్కే. వాటిలో ఆడపిల్లలు నలిగిపోయిన కథలు ఎన్నో ఉన్నాయి, ఆ ఆచారాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. కానీ ఇచ్చినవాళ్లూ వాళ్లే, పుచ్చుకున్నవాళ్లూ వాళ్లే అయినప్పుడు ఎవరూ ఎవరి మీదా పెత్తనం చేయలేరన్న ఎరుక దానిలో ఉంది. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ కావాలన్న మన సామెతే ఆ సంస్థకు పునాది రాయి అనిపిస్తుంది.

ఇక నేర్చుకోవడం ఎక్కడ జరుగుతుందంటే, మ్యూజియంలో కాదు, భోజనాల బల్ల దగ్గర. చాలా జర్మన్ ఇళ్లలో సాయంత్రం ఆరు, ఏడింటికల్లా రొట్టె ముక్కలు, వెన్న, జున్ను, చల్లని మాంసం ముక్కలు బల్ల మీద పెట్టేస్తారు. అదే రాత్రి భోజనం, పొయ్యి వెలిగించరు. ఫ్రెంచి పిల్లకు అది చిరుతిండిలా కనిపిస్తుంది. ఎనిమిది గంటలకు వేడిగా అసలు భోజనం వస్తుందని ఎదురుచూస్తుంది, అది రాదు. జర్మన్ పిల్లవాడు ఫ్రాన్స్‌కు వెళితే కథ తిరగబడుతుంది. సాయంత్రం ఐదు దాకా బడి, ఎనిమిదింటికి గానీ కంచం రాదు, ఈలోపు కడుపు నకనకలాడుతుంది. తన ఊళ్లో మధ్యాహ్నానికే బడి అయిపోయి ఆటకు పోయే అలవాటు అతనిది. మన ‘నువ్వు’, ‘మీరు’ లాంటివే ఆ రెండు భాషల్లోనూ ఉన్నాయి, కానీ ఎవరిని ఏమనాలన్న లెక్క రెండు చోట్లా ఒకటి కాదు. మొదటి వారం ఇవన్నీ చిరాకులు. ‘వీళ్లింతే’ అన్న తీర్పు నోటి చివరే ఉంటుంది. అనుభవమున్న శిక్షకులు సరిగ్గా అక్కడే పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. వాళ్లు పొయ్యి ఎందుకు వెలిగించరు, మధ్యాహ్నం ఏం తింటారు, మీ ఇంట్లో ఎనిమిదింటికే ఎందుకు తింటారు అని అడుగుతారు. అప్పటిదాకా లోకమంతా ఇంతే అనుకున్న తమ ఇంటి పద్ధతికి కూడా ఒక కారణం ఉందని ఆ పిల్లకు మొదటిసారి తడుతుంది. సంస్కృతుల మధ్య చదువు అని పెద్ద పేరు పెట్టుకున్నది ఈ చిన్న కుదుపునే. భాష నేర్పడంలోనూ ఇదే సూత్రం. టాండెమ్ పద్ధతిలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతారు. సగం సేపు ఒకరి భాష, సగం సేపు మరొకరిది. ఇద్దరూ గురువులే, ఇద్దరూ తప్పులు మాట్లాడేవాళ్లే.

---

బాక్స్: అంబులెన్స్ డ్రైవర్ల ఆలోచన

ఏఎఫ్‌ఎస్ పేరుతో ఇవాళ భారత్ సహా అనేక దేశాల్లో విద్యార్థుల మార్పిడి నడిపే సంస్థ యుద్ధరంగంలో పుట్టింది. 1915లో పియాట్ ఆండ్రూ అనే అమెరికన్ నాయకత్వంలో స్వచ్ఛంద డ్రైవర్లు ఫ్రెంచి సైన్యం కోసం అంబులెన్సులు నడిపారు. రెండో యుద్ధంలోనూ అదే పని చేశారు. రెండుసార్లు శవాలను, క్షతగాత్రులను మోసిన తర్వాత, మూడోసారి మోయాల్సిన అవసరం రాకుండా ఏం చేయాలని ఆలోచించారు. 1947లో 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులను అమెరికన్ కుటుంబాల్లో ఉంచి చదివించారు. నిన్నటి శత్రుదేశాల పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు.

---

స్నేహ శిబిరం నుంచి నిషిద్ధ పుస్తకాల జాబితా దాకా

ఇంతవరకూ చదివి, పిల్లల్ని కలిపితే చాలు అంతా మంచే జరుగుతుందని ఎవరైనా అనుకుంటే, వాళ్లకు తప్పక చెప్పాల్సిన మరో కథ ఉంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లు కూడా తరచూ దాటేసే కథ ఇది. 1930 ఎండాకాలంలో జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో, జోల్‌బెర్గ్ అనే చోట, ఫ్రెంచి, జర్మన్ యువకుల శిబిరం ఒకటి జరిగింది. మొదటి యుద్ధపు పగలు మరిచిపోదామన్న తపనతో వచ్చినవాళ్లే వాళ్లంతా. శిబిరాన్ని నడిపినవాడు కార్ల్స్‌రూకు చెందిన డ్రాయింగ్ మాస్టారు ఒట్టో అబెట్జ్. ఫ్రాన్స్ వైపు నుంచి చేయి కలిపిన పాత్రికేయుడు జాన్ లూషేర్. ఇద్దరూ ప్రాణమిత్రులయ్యారు. అబెట్జ్ లూషేర్ కార్యదర్శినే పెళ్లాడాడు.

మూడేళ్ల తర్వాత హిట్లర్ గద్దెనెక్కాడు. అబెట్జ్ పేరుకున్న పరపతి, ఫ్రాన్స్‌లో అతనికున్న స్నేహాలు నాజీలకు బంగారు గనిలా కనిపించాయి. మాటలు మారలేదు, యువజన స్నేహం, పరస్పర అవగాహన అన్నవే. వాటి వెనక పని మాత్రం ఫ్రెంచి మేధావులను జోకొట్టడం. 1940లో జర్మన్ సైన్యం పారిస్‌ను ఆక్రమించాక అబెట్జ్ అక్కడ హిట్లర్ రాయబారిగా దిగాడు. ఆక్రమిత ఫ్రాన్స్‌లో అమ్మకూడదని నిషేధించిన వెయ్యికి పైగా పుస్తకాల జాబితాను జనం అతని పేరు మీదే ‘ఒట్టో జాబితా’ అన్నారు. లూషేర్ ఆక్రమణదారులకు కొమ్ముకాసే పత్రిక నడిపాడు. విముక్తి తర్వాత, 1946 ఫిబ్రవరిలో, దేశద్రోహ నేరం మీద అతన్ని కాల్చి చంపారు. అబెట్జ్‌కు ఫ్రెంచి కోర్టు 20 ఏళ్ల శిక్ష వేసింది.

ఈ కథను దాచకూడదు. ఎందుకంటే రెండు ప్రయత్నాల్లోనూ యువకులే ఉన్నారు, శిబిరాలే ఉన్నాయి, పగలు మరిచిపోదామన్న మాటే ఉంది. మరి 1930 నాటిది నాజీల చేతిలో పనిముట్టు ఎలా అయింది, 1963 నాటిది ఇప్పటిదాకా ఎలా నిలిచింది? నా లెక్కలో మొదటి తేడా, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది. అబెట్జ్ వృత్తాంతంలో అంతా ఒక మనిషి చుట్టూ, తర్వాత ఒక ప్రభుత్వం చుట్టూ తిరిగింది. ఆ ప్రభుత్వం చెడ్డదైన రోజున అడ్డుకునే రెండో చేయి లేదు. యూత్ ఆఫీస్‌లో ఏ నిర్ణయానికైనా రెండో దేశం ఒప్పుకోవాలి, కార్యక్రమాలేమో వేల సంఘాల చేతుల్లో పంచిపెట్టి ఉన్నాయి. రెండోది, గతం. అబెట్జ్ బృందం గతాన్ని మరిచిపోదామంది. రోవాన్, గ్రోసెర్ వంటివాళ్లు గతాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడదామన్నారు. నిర్బంధ శిబిరాలు చూడటానికి, వెర్డన్ సమాధుల మధ్య నడవటానికి రెండు దేశాల పిల్లల్నీ కలిపి తీసుకెళ్లడం ఇవాళ్టికీ ఆ కార్యక్రమాల్లో ముఖ్యభాగం.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో దాదాపు ఇదే చెప్పాడు. భిన్న జాతులవాళ్లు కలిసినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు. హోదా సమానంగా ఉండాలి, చేసే పని ఉమ్మడిది కావాలి, పోటీపడటం కాక సాయం చేసుకోవాలి, చట్టమో సమాజమో ఆ కలయికకు వెన్నుదన్నుగా ఉండాలి అన్నాడు. అర్ధ శతాబ్దం తర్వాత, 2006లో, పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు పరిశోధకులు 515 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. కలయిక సాధారణంగా దురభిప్రాయాన్ని తగ్గిస్తుందని, ఆల్‌పోర్ట్ చెప్పిన షరతులు ఉన్నచోట ఆ ఫలితం మరింత బలంగా ఉందని తేల్చారు. షరతులు అన్న మాట దగ్గర నేను ఆగమంటున్నాను. ప్రభుత్వాలు కలయికకు డబ్బిస్తాయి, షరతుల జోలికి పోవు.

బొగ్గు, ఉక్కు చేసిన పని కాదా?

చరిత్రకారులు, ఆర్థికవేత్తలు వేసే గట్టి ప్రశ్న ఒకటుంది. ఫ్రాన్స్, జర్మనీ చేతులు కలిపింది పిల్లల వల్ల కాదు. 1951లో బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి పాలన కిందికి తెచ్చుకోవడం వల్ల, తూర్పున సోవియట్ సైన్యం భయం వల్ల, పడమర అమెరికా ఒత్తిడి వల్ల అంటారు. ఇందులో నిజం చాలా ఉంది. పిల్లలు ఒకరింట్లో ఒకరు జున్ను తిన్నందుకే యుద్ధం ఆగిందని నేను అనను. కానీ వ్యాపారం ఒక్కటే శాంతిని కాపాడితే 1914లో యూరప్ తగలబడేది కాదు. ఆ నాటికే ఈ రెండు దేశాల మధ్య సరుకు, పెట్టుబడి జోరుగా పారుతున్నాయి. లాభం మనుషుల్ని ఒక గదిలోకి తెస్తుంది, గొడవ వచ్చినప్పుడు ఆ గదిలోనే కూర్చోబెట్టేది మరొకటి కావాలి.

ఎలీజే ఒప్పందం సొంత చరిత్రే దీనికి సాక్ష్యం. సంతకాలైన కొద్ది నెలలకే జర్మన్ పార్లమెంటు దానికి అమెరికా అనుకూల పీఠికను జోడించింది. డిగాల్ మనసు విరిగిపోయింది. ఒప్పందాలు గులాబీల్లాంటివి, ఉన్నన్నాళ్లే ఉంటాయన్న అర్థం వచ్చేలా నిట్టూర్చాడు. అడెనార్ తర్వాత వచ్చిన ఎర్హార్డ్‌తో ఆయనకు పొసగలేదు. రక్షణ, విదేశాంగ భాగాలు చాలాకాలం కాగితం మీదే చల్లబడి ఉన్నాయి. 1989-90లో జర్మనీ ఏకమవుతుంటే పారిస్‌లో మళ్లీ పాత భయాలు లేచాయి. ఇన్ని ఒడిదుడుకుల మధ్య ఆ ఒప్పందంలో ఆగకుండా నడిచింది పిల్లల భాగమే. నాయకుల మాటలు ఆగిపోయిన రోజుల్లో కూడా లియోన్ బడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ బడికి, బోర్డో క్లబ్బు నుంచి బ్రెమెన్ క్లబ్బుకు వెళ్లే దారి తెరిచే ఉంది.

మరొక అభ్యంతరం, ఇదంతా ఉన్నవాళ్ల పిల్లల విలాసమని. ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలన్నిటి మీదా ఉన్న ఈ ఆరోపణ చాలావరకు న్యాయమైనదే. భాష వచ్చిన పిల్లలు, ఖాళీ గది ఉన్న ఇళ్లు, సెలవు పెట్టగల తల్లిదండ్రులు సహజంగానే ముందుంటారు. దీనికి పరిష్కారం ఆపేయడం కాదు, తలుపు వెడల్పు చేయడం. 1980లోనే ఈ రెండు దేశాలు వృత్తి విద్య నేర్చుకునే కుర్రాళ్ల కోసం విడిగా ఒక మార్పిడి పథకం పెట్టాయి. రొట్టెలు కాల్చడం నేర్చుకునే కుర్రాడు, కార్లు బాగుచేసే కుర్రాడు అవతలి దేశపు దుకాణంలో, షెడ్డులో పనిచేసి వస్తాడు. మాట రాకపోయినా పిండి కలిపే చేతికి పిండి కలిపే చేయి అర్థమవుతుంది. ఇలాంటి పథకాల మీద పెట్టే ఖర్చు పెంచకుండా, ముందే అన్నీ ఉన్న పిల్లలనే మళ్లీ మళ్లీ పంపితే ఆ ఆరోపణకు జవాబు ఉండదు.

మూడోది అన్నిటికంటే బరువైనది. ఇంత చేసినా ఫ్రాన్స్‌లోనూ జర్మనీలోనూ తీవ్ర జాతీయవాద పార్టీలు బలపడ్డాయి కదా, ఫ్రాన్స్‌లో జర్మన్ నేర్చుకునే పిల్లలు, జర్మనీలో ఫ్రెంచి నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు కదా? నిజమే. యువజన మార్పిడి టీకా మందు కాదు. అయినా ఒక్కటి చూడాలి. ఆ పార్టీలు వలసల మీద విరుచుకుపడతాయి, యూరోపియన్ యూనియన్‌ను తిడతాయి, కానీ పక్క దేశం మీద పగ అన్నది వాటి ప్రసంగాల్లో కూడా ఓట్లు తెచ్చే సరుకు కాదు. 1870 నుంచి 1945 దాకా అదే అన్నిటికంటే బాగా అమ్ముడుపోయిన సరుకు.

ఒకే కార్యక్రమం, ఇద్దరు మనుషులు

సాంస్కృతిక దౌత్యం అనే మాటలో ఒక ప్రమాదం ఉంది. దౌత్యం అన్నాక ఫలితం లెక్కగట్టాలన్న ఆత్రం పుడుతుంది. మన దేశానికొచ్చిన పిల్లలు మన అభిమానులై తిరిగెళ్లాలని ఆశిస్తారు. మనుషులు అలా అచ్చుపోసినట్టు తయారవరు. 1958లో అమెరికా, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న మార్పిడి ఒప్పందం కింద మొదటి జట్టులో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వచ్చినవాళ్లలో ఇద్దరి పేర్లు తర్వాత చరిత్రకెక్కాయి. అలెగ్జాండర్ యాకొవ్‌లెవ్ మూడు దశాబ్దాల తర్వాత గోర్బచేవ్ పక్కన నిలబడి, పాలనలో దాపరికం తగ్గించే గ్లాస్‌నోస్త్ విధానానికి మేధో శిల్పి అయ్యాడు. ఒలెగ్ కలూగిన్ కేజీబీ జనరల్ అయ్యాడు. ఒకే ఏడాది, ఒకే క్యాంపస్. యాకొవ్‌లెవ్ కూడా అమెరికా మీద మోజుతో తిరిగెళ్లలేదు, ఏళ్ల తరబడి ఆ దేశాన్ని దుయ్యబడుతూ పుస్తకాలు రాశాడు. వ్యవస్థను మరో కోణం నుంచి చూడవచ్చన్న గింజ మాత్రం లోపల ఎక్కడో ఉండిపోయింది. అది మొలవడానికి 27 ఏళ్లు పట్టింది. ఏ శాఖ వార్షిక నివేదికలోనూ దాన్ని లాభం కింద చూపలేరు.

సోవియట్ పతనం తర్వాత అమెరికా పెట్టిన ఫ్లెక్స్ కార్యక్రమం రష్యా నుంచి వేలాది హైస్కూలు పిల్లల్ని అమెరికన్ ఇళ్లకు తెచ్చింది. అది దాదాపు ఒకవైపు ప్రయాణం, ఖర్చంతా ఒకవైపుదే. 2014లో రష్యా ప్రభుత్వం ఒక్క నిర్ణయంతో దాన్ని మూసేసింది. ఆ పిల్లల్ని ఉంచుకున్న అమెరికన్ ఇళ్లున్నాయి, అమెరికన్ పిల్లల్ని అదే సంఖ్యలో ఉంచుకున్న రష్యన్ ఇళ్లు లేవు. మూసేసిన రోజు రష్యాలో ‘మా ఇంటి పిల్లను రానివ్వరేం’ అని అడిగే తల్లి లేకపోయింది. ఎవరి తప్పు ఎంత అన్నది పక్కన పెడితే, ఒంటికాలి మీద నిలబడినదాన్ని తోయడం సులువు.

---

బాక్స్: మరికొన్ని మజిలీలు

1987: యూరప్ విశ్వవిద్యాలయాల మధ్య విద్యార్థుల మార్పిడి కార్యక్రమం ఎరాస్మస్ మొదలైంది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు. ఇప్పటిదాకా పాల్గొన్నవాళ్లు కోటిన్నరకు పైనే.

1991: జర్మనీ, పోలండ్ కలిసి ఫ్రాంకో-జర్మన్ యూత్ ఆఫీస్ నమూనాలో యువజన కార్యాలయం పెట్టుకున్నాయి.

2003: ఎలీజే ఒప్పందం 40వ ఏట బెర్లిన్‌లో సమావేశమైన రెండు దేశాల విద్యార్థులు, మా ఇద్దరికీ ఒకే చరిత్ర పుస్తకం కావాలని అడిగారు. 2006లో మొదటి సంపుటి వచ్చింది. ఫ్రెంచి ప్రతి, జర్మన్ ప్రతి, విషయం ఒక్కటే. బడుల్లో దాని వాడకం పెద్దగా పెరగలేదు గానీ, పిల్లలు అడిగితే ప్రభుత్వాలు రాయించిన పుస్తకం అది.

2016: యుద్ధాలతో చీలిపోయిన పశ్చిమ బాల్కన్ ప్రాంతంలో ఆరు ప్రభుత్వాలు యూత్ ఆఫీస్ నమూనాలోనే ఉమ్మడి సంస్థకు సంతకాలు చేశాయి. ప్రధాన కార్యాలయం అల్బేనియా రాజధాని టిరానాలో.

---

పంపడమే తెలిసిన మనం

ఇప్పుడు మన ముంగిట్లోకి వద్దాం. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో తెలుగు పిల్లల వాటా పెద్దదని వేరే చెప్పక్కర్లేదు. అమెరికా నుంచి చదువు నిమిత్తం ఏడాదిలో మన దేశానికి వచ్చేవాళ్లు వేలల్లోనే, అదీ వేళ్ల మీద లెక్కపెట్టగల వేలల్లో. జర్మనీలోనూ విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. 2030కల్లా 30,000 మంది భారతీయ విద్యార్థులు తమ దేశానికి రావాలని ఫ్రాన్స్ లక్ష్యం పెట్టుకుంది. ఇవన్నీ మంచివే. కానీ ఇది మార్పిడి కాదు, ప్రయాణం. అప్పు చేసి, డిగ్రీ కోసం, ఉద్యోగం కోసం వెళ్లిన పిల్లాడు అద్దె గదిలో నలుగురు మనవాళ్లతో ఉంటాడు, మన అన్నమే వండుకుంటాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, అతని మీదున్న బరువు అలాంటిది. అయితే అక్కడి కుటుంబాల భోజనాల బల్ల దగ్గర జరగాల్సిన చదువు అతనికి దొరకడం కష్టం. మన ఊళ్ల గురించి అక్కడివాళ్లకు దొరకడమూ అంతే కష్టం. పరాయి దేశంలో మన పిల్లల మీద వ్యతిరేకత రేగినప్పుడు ‘మా ఇంటి పిల్లాడే’ అని నిలబడే ఇళ్లు అందుకే తక్కువ.

నిజానికి వోల్టేర్ కార్యక్రమానికి చాలా ముందే, అలాంటి పద్ధతే మన దేశంలో, మన జిల్లాల్లో మొదలైంది. జవహర్ నవోదయ విద్యాలయాల విధానం ప్రకారం తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఒక విద్యా సంవత్సరం పాటు హిందీ ప్రాంతం నుంచి హిందీయేతర ప్రాంతానికి, అక్కడి నుంచి ఇక్కడికి మార్చుకోవాలి. సమాన సంఖ్య, సమాన కాలం, ఖర్చు ప్రభుత్వానిది, ఎక్కువమంది పల్లెటూరి పిల్లలు. ఆల్‌పోర్ట్ చెప్పిన షరతుల్లో చాలావరకు అందులోనే ఉన్నాయి. 14 ఏళ్ల ఉత్తరప్రదేశ్ పిల్లవాడు మొదటిసారి సాంబారన్నం ముందు, మన పిల్ల మొదటిసారి రొట్టె, పప్పు ముందు కూర్చునే చోటు అది. భాషల మీద, ఉత్తరం దక్షిణం మీద టీవీల్లో ఇంత రగడ నడుస్తున్న రోజుల్లో, ఆ పిల్లల గురించి ఒక్క చర్చా కనబడదు. ఆ ఏడాది వాళ్లేం నేర్చుకున్నారు, ఏది కష్టమైంది, తిరిగెళ్లాక ఆ స్నేహాలు నిలిచాయా అని ఓపిగ్గా అడిగి రాసిపెట్టాల్సిన పని ఉంది. అందులో చేరే పిల్లల్ని ముందే సిద్ధం చేయాల్సిన పని, మధ్యలో కూర్చోబెట్టి మాట్లాడించాల్సిన పని కూడా ఉంది.

మీ జిల్లా నవోదయలో ఈ ఏడాది అలా వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లలు ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే, వచ్చే పండక్కి ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని ఇద్దరిని మీ ఇంటికి భోజనానికి పిలవండి. మీ పిల్లల పక్కనే కూర్చోబెట్టి వడ్డించండి.